మొదటి దగ్గుకూ మొదటి ఫోనుకూ మధ్య

ఈ అధ్యాయాన్ని డాక్టర్లు కానివాళ్ల కోసం రాస్తున్నాను. సర్పంచి, వార్డు మెంబరు, బడి హెడ్మాస్టరు, అపార్ట్‌మెంటు కమిటీ కార్యదర్శి, డ్వాక్రా సంఘం లీడరు, మందుల షాపు యజమాని, కోళ్ల ఫారం రైతు... మీరు వీళ్లలో ఎవరైనా కావచ్చు. మీ మాట నలుగురు వింటారంటే చాలు. రేపు ఒక కొత్త శ్వాసకోశ వ్యాధి వస్తే మీ ప్రాంతం దాన్ని ఎలా తట్టుకుంటుందనే దానిలో మీకూ వాటా ఉంది.

రేపు వస్తుందా అని అడిగితే, ఇప్పటికే రెండుసార్లు వచ్చింది. 2009 మే నెలలో దేశంలోనే మొదటి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లో తేలింది. 2020 మార్చి 2న తెలంగాణ మొదటి కరోనా కేసు అదే నగరంలో బయటపడింది. పది రోజుల తర్వాత, మార్చి 12న, నెల్లూరులో ఆంధ్రప్రదేశ్ మొదటి కేసు. రెండుసార్లూ జబ్బు విదేశాల నుంచే వచ్చింది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో మనవాళ్లు లేని మండలాన్ని తెలుగు నేల మీద వెతకడం కష్టం. కాబట్టి ప్రపంచంలో ఏ మూల కొత్త జబ్బు పుట్టినా మన ఊరికి అది ఒక ప్రయాణం దూరంలోనే ఉంటుంది.

పేరు కూడా తెలియని జబ్బుకు ఎలా సిద్ధపడతాం? సిద్ధపడవచ్చు. వైరస్ ఏదైనా శ్వాసకోశ వ్యాధుల నడక చాలావరకు ఒకటే. మొదట మామూలు జలుబులా కనబడుతుంది. మూసిన గదుల్లో ఊపిరి నుంచి ఊపిరికి పాకుతుంది. ఆసుపత్రి వరండాలో పుంజుకుంటుంది. కొందరికి ఆక్సిజన్ అవసరమయ్యే దాకా తీసుకెళ్తుంది. దాని వెంటే భయం, పుకారు నడుస్తాయి. ఈ నడక తెలిసినప్పుడు ఎక్కడెక్కడ కాపు కాయాలో కూడా తెలుస్తుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కొత్త జబ్బు ఊళ్లో అడుగుపెట్టిన రోజుకూ, దాన్ని ఎవరో ఒకరు గమనించి సరైన చెవిన వేసిన రోజుకూ మధ్య గడిచే కాలమే ప్రాణాలు తీస్తుంది. ఆ కాలాన్ని కుదించడం మామూలు మనుషుల చేతిలో పని. వానాకాలంలో నీరటి రోజూ చెరువు కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తాడు. ఎక్కడైనా తడి ఊటగా కనబడితే ఆ పూటే ఊరికి చెబుతాడు. గండి పడ్డాక మోసే వంద ఇసుక బస్తాల కన్నా ఆ ఒక్క మాట విలువైనది.

ఏడు, ఒకటి, ఏడు

ప్రజారోగ్య రంగంలో ఇప్పుడు చాలా దేశాలు పెట్టుకుంటున్న లక్ష్యం ఒకటుంది. 2021లో 'రిజాల్వ్ టు సేవ్ లైవ్స్' అనే సంస్థ దీన్ని ప్రతిపాదించింది. వ్యాధి మొదలైన ఏడు రోజుల్లోపు దాన్ని గుర్తించాలి. గుర్తించిన ఒక్క రోజులో పైవారికి చెప్పాలి. చెప్పిన ఏడు రోజుల్లో అదుపు చేసే పనులన్నీ మొదలైపోవాలి. గుర్తుపెట్టుకోవడం తేలిక: ఏడు, ఒకటి, ఏడు.

ఇది ప్రభుత్వాల కోసం చేసిన కొలబద్ద. మీ మండలానికీ, మీ కాలనీకీ ఇదే పనికొస్తుంది. ఈ మూడు అంకెల చుట్టూనే మన పనులు అల్లుకుందాం.

మొదటి ఏడు: మామూలేదో తెలిసి ఉండాలి

వింతను గుర్తుపట్టాలంటే ముందు మామూలేదో తెలిసి ఉండాలి. మీ ఊళ్లో జనవరిలో సగటున వారానికి ఎంతమందికి దగ్గు, జ్వరం వస్తాయి? వానలు పడగానే ఎంతమంది పిల్లలు బడి మానేస్తారు? చాలామందికి తెలియదు. ఆ లెక్కలు మాత్రం ఊళ్లోనే ఉన్నాయి: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఓపీ రిజిస్టరులో, బడి హాజరు పట్టీలో, మందుల షాపులో పారాసెటమాల్, దగ్గు సిరప్ అమ్మకాల్లో, ఆర్‌ఎంపీ దగ్గర కూర్చునే జనంలో.

దేశంలో 2004 నుంచి సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం నడుస్తోంది. ఏఎన్‌ఎం తన పరిధిలోని లక్షణాల లెక్క పంపుతుంది, డాక్టరు అనుమానిత కేసుల లెక్క పంపుతాడు, ల్యాబు నిర్ధారించిన కేసుల లెక్క పంపుతుంది. వ్యవస్థ మంచిదే. కానీ ఆసుపత్రి గడప తొక్కని మనిషి అందులో కనబడడు. మన ఊళ్లలో జ్వరం వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదట వెళ్లేది షాపుకు, లేదా ఆర్‌ఎంపీ దగ్గరికి. ఆ ఖాళీని పూరించగలిగేది మీరే.

హెడ్మాస్టరైతే, ఒక తరగతిలో ఒకే వారం ఐదారుగురు పిల్లలు జ్వరంతో రాకపోతే రాసి పెట్టండి. షాపు యజమాని అయితే, జ్వరం మాత్రలు మామూలుకు రెట్టింపు పోతున్న వారాన్ని గుర్తించండి. కింద చెప్పిన నాలుగింటిలో ఏ ఒక్కటి కనబడినా ఆలస్యం చేయకండి:

ఒకే ఇంట్లోనో ఒకే పని చోటో ముగ్గురు నలుగురికి కొద్ది రోజుల తేడాతో తీవ్రమైన దగ్గు, ఆయాసం రావడం. ఆరోగ్యంగా ఉన్న యువకులకు న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో చేరాల్సి రావడం. రోగిని చూసుకున్న నర్సో, ఆయానో, బంధువో అదే జబ్బుతో పడిపోవడం. కోళ్లు, బాతులు, కాకులు గుంపుగా చనిపోవడం.

నాలుగోది ఎందుకంటే, కొత్త శ్వాసకోశ వ్యాధుల్లో చాలావాటి పుట్టిల్లు పశుపక్ష్యాదులే. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ ఉన్నట్టు భోపాల్ ల్యాబు నిర్ధారించింది. ఆ మరుసటి నెలలో పల్నాడు ప్రాంతానికి చెందిన ఒక పసిబిడ్డ హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ సోకి మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. చుట్టూ ఉన్నవాళ్లకు పరీక్షలు చేస్తే ఇంకెవరికీ సోకలేదని తేలింది. ఆ పరీక్షలు వెంటనే చేయగలగడమే సన్నద్ధత. చచ్చిన కోళ్లను కాలవలోకి విసిరేయకుండా, ఒట్టి చేతులతో ముట్టుకోకుండా, పశువైద్యాధికారికి ఫోను చేసిన రైతు తన ఫారాన్నే కాదు, తన ఊరి పిల్లల్నీ కాపాడుతున్నాడు.

మధ్యలో ఒకటి: ఎవరికి చెప్పాలి

గమనించినవాళ్లు చాలాచోట్ల ఉంటారు. చెప్పినవాళ్లు తక్కువ. కారణం నిర్లక్ష్యం అనుకోకండి. ఎవరికి చెప్పాలో తెలియకపోవడం, చెబితే ఏమవుతుందోనన్న భయం. మొదటిదానికి మందు ఒక చిన్న కాగితం.

ఆ కాగితం మీద ఐదు నంబర్లు రాయండి: మీ ఆశా కార్యకర్త, మీ ఏఎన్‌ఎం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మెడికల్ ఆఫీసరు, మండల పశువైద్యాధికారి, జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయం. హైదరాబాద్ లాంటి చోట అయితే మీ బస్తీ దవాఖానా. వాటి కింద 104, 108. దీన్ని పంచాయతీ గోడ మీద, బడి ఆఫీసులో, అపార్ట్‌మెంటు లిఫ్టు పక్కన అతికించండి. మనుషులు బదిలీ అవుతుంటారు కాబట్టి ఆరు నెలలకొకసారి ప్రతి నంబరుకూ ఫోను చేసి పలుకుతుందో లేదో చూడండి.

ఫోనులో ఏం చెప్పాలో కూడా ముందే అనుకోండి. ఎక్కడ, ఎంతమందికి, ఎప్పటి నుంచి, ఏ లక్షణాలు, వాళ్లలో ఎవరైనా ఈ మధ్య ఊరు దాటి వచ్చారా. ఈ ఐదు ముక్కలు చెబితే చాలు. జబ్బు పేరు మీరు చెప్పనక్కర్లేదు. అది తేల్చడం జిల్లా ర్యాపిడ్ రెస్పాన్స్ టీమ్ పని.

ఆ చివరి ముక్క, ప్రయాణం సంగతి, ఎంత ముఖ్యమో దక్షిణ కొరియా చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 2015 మేలో గల్ఫ్ దేశాలు తిరిగి వచ్చిన ఒక వ్యక్తి మెర్స్ వైరస్‌తో ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిరిగాడు. జబ్బేమిటో తేలేసరికి ఆసుపత్రుల్లోనే వ్యాపించిపోయింది. చివరకు 186 మందికి సోకి 38 మంది మరణించారు. మెర్స్ 2012లో మొదట గుర్తించింది సౌదీ అరేబియాలో. మన జగిత్యాల నుంచీ, కడప నుంచీ, కోనసీమ నుంచీ వేలమంది పనికోసం వెళ్లే నేల అది. అందుకే గల్ఫ్ కుటుంబాలకు ఒక మాట: తిరిగి వచ్చిన పధ్నాలుగు రోజుల్లో జ్వరం, దగ్గు వస్తే, డాక్టరు అడగకపోయినా, ఎక్కడి నుంచి వచ్చారో మీరే చెప్పండి.

చెప్పినవాళ్లకు అండగా నిలబడండి

రెండో కారణం భయం అన్నాను. దాన్ని తీసేయడం ఊరి పెద్దల బాధ్యత.

2019 డిసెంబరు చివర్లో వూహాన్‌లో లీ వెన్‌లియాంగ్ అనే కంటి డాక్టరు తన తోటి వైద్యులకు కొత్త జబ్బు గురించి జాగ్రత్త చెప్పాడు. కొద్ది రోజుల్లోనే పోలీసులు పిలిచి మందలించారు. 2020 ఫిబ్రవరిలో ఆయన అదే జబ్బుతో చనిపోయాడు. చెప్పినవాణ్ని మందలించిన చోట రెండోవాడు నోరు విప్పడు. ఇది దేశానికి ఎంత నిజమో ఊరికీ అంతే. కరోనా రోజుల్లో మన కాలనీల్లో నర్సుల్ని అద్దె ఇళ్లు ఖాళీ చేయమన్నారు. జబ్బుపడ్డ ఇంటి ముందు కర్రలు కట్టారు. ఆరోగ్య సిబ్బంది మీద దాడులు ఎంత దాకా వెళ్లాయంటే, 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని 2020 ఏప్రిల్‌లో సవరించి వాటికి కఠిన శిక్షలు పెట్టాల్సి వచ్చింది. ఇంటి ముందు కర్ర కట్టిన వీధిలో పక్కింటివాళ్లు దగ్గు దాచుకున్నారు. దాచిన దగ్గు వీధంతా పాకింది.

కాబట్టి మీ గ్రామసభలోనో, అసోసియేషన్ మీటింగులోనో ఇప్పుడే ఒక తీర్మానం చేయండి. జబ్బు ఉందని చెప్పిన ఇంటికి పాలు, కూరగాయలు, మందులు గుమ్మం దాకా వస్తాయి. రోజుకూలీ అయితే ఇంట్లో ఉండాల్సిన రోజులన్నీ బియ్యం, పప్పు ఊరు చూసుకుంటుంది. ఇది దయతో చేసే పనిగా చూడకండి. ఇంట్లో ఉండమంటే ఉండగలిగే పరిస్థితి కల్పించకుండా ఏ నియమం పెట్టినా నిలవదు.

చివరి ఏడు: పనులు మొదలవ్వాలి

*గాలి.* అన్నిటికన్నా చవకైన మందు కిటికీ. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం స్కాజిట్ కౌంటీలో ఒక గాయక బృందం మూసిన హాల్లో రెండున్నర గంటలు సాధన చేసింది. 61 మంది వస్తే, లక్షణాలతో వచ్చిన ఒక్కరి నుంచి మరో 52 మంది జబ్బుపడ్డారు. మన భజన మందిరం, ఏసీ ఫంక్షన్ హాలు, కోచింగ్ సెంటరు, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మీ ఊళ్లో జనం గుమిగూడే గదుల జాబితా రాయండి. ప్రతి గదికీ ఎదురెదురుగా తెరుచుకునే కిటికీలు ఉన్నాయా, తుప్పుపట్టి బిగిసిపోయాయా చూడండి. లేనిచోట ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. ఆరోగ్య కేంద్రంలో దగ్గుతో వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఆరుబయట, చెట్టు కిందో షెడ్డు కిందో, వేరే చోటు ఇప్పుడే నిర్ణయించండి. బాలింతలు, పసిపిల్లల మధ్య వాళ్లను కూర్చోబెట్టకండి.

*మాస్కు.* రోగిని చూసుకునేవాళ్లకు ఎన్95, రోగికి సర్జికల్ మాస్కు. ఎన్95 ముఖానికి అంటుకుని ఉండాలి; పక్కల నుంచి గాలి దూరితే దాని రక్షణ బాగా తగ్గిపోతుంది. ఆశా, ఏఎన్‌ఎం, పారిశుధ్య కార్మికులకు కనీసం నెలకు సరిపడా నిల్వ మండలంలోనే ఉందా అని అడగండి.

*ఆక్సిజన్.* 2021 ఏప్రిల్, మే నెలల్లో ఏం జరిగిందో మనందరికీ తెలుసు. ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఏడు ట్యాంకర్లతో మహారాష్ట్రకు బయల్దేరింది. ఆక్సిజన్ తయారయ్యే చోటుకూ అవసరమైన మంచానికీ మధ్య దూరమే ఆ రోజుల్లో ప్రాణాలు తీసింది. ఈ లెక్క ఒకసారి చేసి చూడండి. పెద్ద సిలిండరులో, డి టైప్ అంటారు, సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లు అవసరమైన ఒక రోగికి అది పన్నెండు గంటలు కూడా రాదు. అలాంటివాళ్లు ఇరవై మంది ఉంటే రోజుకు నలభై ఒకటికి పైగా కావాలి. మీ ఏరియా ఆసుపత్రిలో ఎన్ని ఉన్నాయి? నింపే చోటు ఎంత దూరం? కరోనా తర్వాత చాలా ఆసుపత్రుల్లో గాలి నుంచి ఆక్సిజన్ తీసే పీఎస్‌ఏ ప్లాంట్లు పెట్టారు. నిమిషానికి 1,000 లీటర్ల ప్లాంటు పది లీటర్ల చొప్పున వంద మందికి సరిపోతుంది, అది తిరుగుతుంటేనే. వాడకుండా వదిలేస్తే యంత్రం మొరాయిస్తుంది. ప్లాంటు చివరిసారి ఎప్పుడు నడిపారు, నడపడం ఎవరికి వచ్చు, కరెంటు పోతే జనరేటరు అందుకుంటుందా అన్న మూడు ప్రశ్నలు ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో అడగండి.

ఇంటి స్థాయిలో, ప్రతి ఆశా కార్యకర్త దగ్గర పనిచేసే పల్స్ ఆక్సీమీటరు ఉండాలి. గోరింటాకు, గోళ్ల రంగు లేని వేలికి, చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడు పెట్టాలి. 94 కన్నా తగ్గితే రేపటిదాకా ఆగవద్దు.

*మనుషులు.* 2018లో కోళికోడ్‌లో నిఫా వైరస్ వచ్చినప్పుడు మొదటి రోగికి జబ్బేమిటో ఎవరికీ తెలియలేదు. అతని నుంచి ఆసుపత్రుల్లో మరికొందరికి సోకింది. పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో సేవచేసిన నర్సు లిని కూడా ప్రాణం పోగొట్టుకుంది. అదే ఇంట్లో రెండో మనిషి అవే లక్షణాలతో వచ్చినప్పుడు డాక్టర్లు అనుమానించి వెంటనే నమూనాలు పంపారు. ఆ తర్వాత రెండు వేల మందికి పైగా కాంటాక్టులను వెతికి పట్టుకుని కనిపెట్టి ఉన్నారు. ప్రభుత్వ లెక్కలో 17 మంది మరణించారు, జూన్‌కల్లా వ్యాప్తి ఆగింది. ఇల్లిల్లూ తిరగగల మనుషులు ఉంటేనే ఇది సాధ్యం. 2021 మేలో తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే చేసి మందుల కిట్లు ఇచ్చింది కూడా ఆశాలు, ఏఎన్‌ఎంలే. వాళ్లకు తోడుగా వెళ్లడానికి ప్రతి వీధికీ ఇద్దరు యువకుల పేర్లు ఇప్పుడే రాసి పెట్టండి. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, డయాలిసిస్ రోగులు, నెలలు నిండిన గర్భిణులు ఎవరెవరో కూడా ఆ పట్టీలోనే ఉండాలి.

*మాట.* భయం ఉన్నచోట ఎవరు ముందు మాట్లాడితే వాళ్ల మాటే నిలుస్తుంది. 2020 ఫిబ్రవరిలో కోడి తింటే కరోనా వస్తుందన్న పుకారుకు కోళ్ల రైతులు కుదేలయ్యారు. హైదరాబాద్‌లో మంత్రులు వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. 2021 మేలో నాటు మందు కోసం కృష్ణపట్నంలో వేలమంది ఒకేచోట గుమిగూడారు. వాళ్లను తప్పుపట్టను. ఆసుపత్రిలో మంచం దొరకక, చెప్పేవాళ్లు లేక, ఆశ కనబడిన వైపు నడిచారు. ఆ ఖాళీని వదలకూడదు. రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి, గుడి మైకులోనో మసీదు మైకులోనో వాట్సాప్ గ్రూపులోనో మాట్లాడాలి. తెలిసింది ఇది, తెలియనిది ఇది, ఈ రోజు మనం చేయాల్సింది ఇది. మూడు ముక్కల్లో చెప్పాలి. తెలియనిదాన్ని తెలియదని చెప్పిన మనిషిని జనం ఎక్కువగా నమ్ముతారు. కొరియా ప్రభుత్వం మెర్స్ వచ్చిన ఆసుపత్రుల పేర్లు మొదట దాచి, విమర్శలు పెరిగాక 2015 జూన్ 7న బయటపెట్టింది. ఆ తర్వాత చట్టాలు మార్చుకుంది. 2020 జనవరి 27న సియోల్ రైల్వే స్టేషన్‌లో కంపెనీలను కూర్చోబెట్టి కరోనా పరీక్ష కిట్లు కావాలని అడిగి, ఫిబ్రవరి 4కల్లా మొదటిదానికి అనుమతి ఇచ్చింది. అంత వేగం ఆ వారంలో పుట్టింది కాదు, ఐదేళ్ల ముందు తిన్న దెబ్బ నుంచి కూడగట్టుకున్నది.

రెండు గంటల రిహార్సల్

2022 డిసెంబరు 27న దేశమంతటా ఆసుపత్రుల్లో మాక్ డ్రిల్ జరిగింది. 2024 ఆగస్టులో రాజస్థాన్‌లోని అజ్మీర్‌లో పశువుల నుంచి మనుషులకు సోకే జబ్బు వచ్చినట్టు ఊహించుకుని 'విషాణు యుద్ధ అభ్యాస్' పేరుతో మనుషుల డాక్టర్లు, పశువుల డాక్టర్లు, జిల్లా అధికారులు కలిసి సాధన చేశారు. మీరు దాన్నే చిన్నగా చేయవచ్చు.

ఒక శనివారం మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసులో పదిహేనుమంది కూర్చోండి. ఒకరు కథ చదవాలి: "ఇటుక బట్టీలో నలుగురు కూలీలకు దగ్గు, ఆయాసం. ఒకరు నిన్న రాత్రి చనిపోయారు. రేపు ఊళ్లో పెళ్లి, ఎనిమిది వందల మంది వస్తున్నారు." ఇక ఒక్కొక్కరు తాము ఏం చేస్తారో చెప్పాలి. ఎవరు ఎవరికి ఫోను చేస్తారు? నిజంగానే చేసి చూడండి. కూలీల భాష ఒడియా అయితే మాట్లాడేదెవరు? పెళ్లివారితో ఎవరు కూర్చుంటారు? శవానికి గౌరవంగా అంత్యక్రియలు ఎవరు జరిపిస్తారు? జవాబు రాని ప్రతి ప్రశ్ననూ పుస్తకంలో రాయండి. ఒక్కో ప్రశ్న ఎదురుగా ఒక మనిషి పేరు, ఒక తేదీ. వచ్చే ఏడాది మళ్లీ కూర్చుని చూసుకోండి.

మీ పని

1. ఐదు నంబర్ల కాగితం రాసి, ప్రతి నంబరుకూ ఫోను చేసి సరిచూసి, మూడు చోట్ల అతికించండి.
2. మీ బడి, మీ షాపు, మీ ఆరోగ్య కేంద్రం, వీటిలో ఒకచోట గత ఏడాది జ్వరం, దగ్గు లెక్క నెలవారీగా ఒక పేజీలో రాయించండి.
3. మీ వీధిలో సాయం అవసరమయ్యేవాళ్లు, సాయం చేయగలిగేవాళ్లు ఎవరో రెండు పట్టీలు రాయండి.
4. జనం గుమిగూడే గదుల కిటికీలు తెరిపించండి. ఏరియా ఆసుపత్రిలో ఆక్సిజన్ గురించిన మూడు ప్రశ్నలు అడగండి.
5. జబ్బుపడ్డ ఇంటిని వెలివేయబోమని, తిండి అందిస్తామని గ్రామసభలో తీర్మానం చేయించి, రిహార్సల్‌కు తేదీ పెట్టించండి.

మొదటి మూడింటికి డబ్బు అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ ఆదివారం లోపు పూర్తి చేయండి. మిగతా రెండింటికి మరో నలుగురు కావాలి. ఆ నలుగురెవరో మీకు ఇప్పటికే తెలుసు. ఈ సాయంత్రమే వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి.